సభలు తలచుకునే కన్నబిరాన్, సెషన్స్ కోర్టు మరచిన కన్నబిరాన్

కె.జి. కన్నబిరాన్ గారి పేరు తెలుగునాట ఎక్కడ వినిపించినా దాని ముందు ‘పౌరహక్కుల నేత’ అనే మాట వచ్చి చేరుతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. 1978 నుంచి పదిహేనేళ్లపాటు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా ఉండి, ఆ తరువాత పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్) జాతీయ అధ్యక్షులుగా పనిచేసిన మనిషిని అలా పిలుచుకోవడం సహజమే. అయితే జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు నడుపుకొని బతికే వకీలుగా నాకు ఈ విషయంలో ఒక అసంతృప్తి చాలాకాలంగా ఉంది. ఆయన వర్ధంతికో, ఏదైనా ఎన్‌కౌంటర్ జరిగినప్పుడో సభలు పెడతాం, ఆయన ప్రసంగాల్లోని మాటలు తలచుకుంటాం, రాజ్యాంగం గురించి ఆయన ఏమన్నారో చెప్పుకుంటాం. కానీ ఆయన రోజూ చేసిన పని ఏమిటి, సాక్షిని ఎలా ప్రశ్నించేవారు, కాగితాలను ఎలా చదివేవారు, ఓడిపోతానని తెలిసిన కేసును ఏ పద్ధతిలో నడిపేవారు అన్న సంగతులు ఎవరూ మాట్లాడరు. ఆయన ఉపన్యాసాలు మనకు మిగిలాయి, ఎదుటి పక్షం సాక్షులను ఆయన ప్రశ్నించిన క్రాస్ ఎగ్జామినేషన్లు మిగలలేదు. ఇది ఆయనకు జరిగిన అన్యాయమే కాక, ఈ వృత్తిలోకి వస్తున్న యువతకు జరుగుతున్న నష్టం కూడా అని నా వాదన.

ఆయన 1929లో మధురైలో పుట్టారు. బాల్యం నెల్లూరులో గడిచింది. మద్రాసులో అర్థశాస్త్రమూ న్యాయశాస్త్రమూ చదివి, అక్కడే ప్రాక్టీసు మొదలుపెట్టి, తరువాత హైదరాబాదుకు తరలివచ్చారు. 1960ల చివర శ్రీకాకుళం గిరిజన పోరాటం, దాని వెంట వచ్చిన అరెస్టులు, కుట్ర కేసులు మొదలుకాకపోతే ఆయన బహుశా హైకోర్టులో మంచి పేరున్న వకీలుగా స్థిరపడి ఉండేవారు. పార్వతీపురం కుట్ర కేసు, సికిందరాబాదు కుట్ర కేసు ఆయన వృత్తిని మరో దారికి మళ్లించాయి. వీటి నిందితుల్లో పెద్ద ఫీజులు ఇచ్చుకోగలవాళ్లు తక్కువ. విచారణలు మాత్రం ఏళ్లతరబడి సాగేవి. అంటే ఆ వకాలతు మీద సంతకం చేసిన వకీలు తన సంపాదనా కాలంలో పెద్ద భాగాన్ని దానికే రాసిచ్చినట్లు.

కుట్ర కేసు అంటే ఏమిటో బయటివారికి అంత తేలికగా అర్థం కాదు కాబట్టి ఇక్కడ కొంత ఆగి చెప్పాలి. హత్య కేసులో ఒక శవం ఉంటుంది, ఒక స్థలం ఉంటుంది, ఒక సమయం ఉంటుంది. నిందితుడు ఆ సమయానికి అక్కడ ఉన్నాడా లేడా అన్నది తేల్చాలి. కుట్ర కేసులో నేరం మనుషుల మధ్య కుదిరిన ఒప్పందంలోనే ఉంటుంది. పాత భారతీయ శిక్షాస్మృతిలోని 121-ఎ సెక్షన్ ప్రభుత్వం మీద యుద్ధానికి కుట్ర పన్నడాన్ని యావజ్జీవ శిక్ష దాకా పడగల నేరంగా చెబుతూ, ఆ కుట్ర ప్రకారం ఏ పనీ జరగనక్కరలేదని కూడా అక్కడే వివరణ ఇచ్చింది. దీనికి తోడు పాత సాక్ష్యాధారాల చట్టంలో పదవ సెక్షన్ ఉంది. కుట్ర జరిగిందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం కనిపిస్తే, కుట్రదారుల్లో ఒకరు ఆ ఉమ్మడి ఉద్దేశం గురించి చెప్పినదీ రాసినదీ చేసినదీ మిగతా అందరి మీదా సాక్ష్యంగా పనికివస్తుందని దాని సారాంశం. ఈ రెంటినీ కలిపి చూడండి. ఆదిలాబాదులో ఒకాయన జేబులో దొరికిన ఉత్తరం విశాఖపట్నంలో ఉన్న మరొకాయనను జీవితాంతం జైల్లో ఉంచగలదు, వాళ్లిద్దరూ ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండకపోయినా సరే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ నిర్మాణం అలాగే ఉంది.

ఇటువంటి కేసులో ప్రాసిక్యూషన్‌కు ప్రధాన బలం అప్రూవర్. నేరంలో తానూ భాగస్వామినేనని ఒప్పుకొని, క్షమాభిక్ష తీసుకొని, మిగిలినవారి మీద సాక్ష్యం చెప్పే మనిషి. అతడు రహస్య సమావేశాలను వర్ణిస్తాడు, ఎవరెవరు వచ్చారో పేర్లు చెబుతాడు, ఎవరేమి మాట్లాడారో చెబుతాడు. అతడి మాటకు బలం చేకూర్చడానికి పోలీసులు పత్రాలు, కరపత్రాలు, తుపాకులు స్వాధీనం చేసుకున్నట్లు పంచనామాలు దాఖలు చేస్తారు. డిఫెన్సు వకీలు చేతిలో ప్రధానంగా ఉండేది సాక్షి పోలీసుల ముందు ఇచ్చాడని చెప్పే వాంగ్మూలం. దాని మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదని చట్టమే చెబుతోంది. ఆ వాంగ్మూలాన్ని సాక్షి మాటను ఖండించడానికి తప్ప మరే విధంగానూ డిఫెన్సు వాడుకోలేదు. ఈ ఇరుకు దారిలోనుంచే వకీలు నడవాలి.

అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూపిస్తాను. సాక్షి బోనెక్కి, ఫలానా రాత్రి ఫలానా ఇంట్లో జరిగిన సమావేశానికి మూడో నిందితుడు వచ్చి ఆయుధాలు సేకరించాలని చెప్పాడని అంటాడు. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలంలో సమావేశం ఉంది, ఇల్లు ఉంది, మూడో నిందితుడి పేరు లేదు. అనుభవం లేని వకీలు వెంటనే ‘నువ్వు అబద్ధం చెబుతున్నావు’ అని గద్దిస్తాడు. సాక్షి ‘లేదండీ’ అంటాడు, జడ్జిగారు ఆ రెండు ముక్కలూ రాయిస్తారు, దానివల్ల ఒరిగేది ఏమీ ఉండదు. పని తెలిసిన వకీలు గొంతు పెంచడు. మీరు పోలీసులకు అన్నీ చెప్పారా, గుర్తున్నదంతా చెప్పారా, ముఖ్యమైనదేదీ వదిలిపెట్టలేదు కదా అని ముందు తలుపులన్నీ ఒక్కొక్కటిగా మూస్తాడు. ఆ తరువాత, మూడో నిందితుడు వచ్చాడని మీరు పోలీసులకు చెప్పలేదు అని ఒకే ఒక్క సూచన చేస్తాడు. చెప్పానని సాక్షి అంటాడు. వకీలు అక్కడితో వదిలేసి కూర్చుంటాడు. వారాలో నెలలో గడిచాక దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఆ సాక్షి అలా చెప్పినట్లు మీ రికార్డులో ఉందా అని అడుగుతాడు. లేదని ఆ అధికారి చెప్పక తప్పదు. అప్పుడుగాని ఆ లోపం రుజువు కాదు. ఈ రెంటి మధ్య గడిచిన కాలమంతా ఆ ఒక్క ప్రశ్నను గుర్తు పెట్టుకొని, వందలాది పేజీల డిపోజిషన్లలో, అంటే సాక్షులు కోర్టులో చెప్పగా రాసిన సాక్ష్యాల్లో, ఏ పేజీలో దాని మొదటి సగం ఉందో తెలిసి, రెండో సగాన్ని సరైన సాక్షి నోట రాబట్టాలి. పదులకొద్దీ నిందితులున్న కుట్ర కేసులో ప్రతి నిందితుడి తరఫునా, ప్రతి సాక్షి విషయంలోనూ ఈ పని చేయాలి. ఈ శ్రమను ఎవరూ చప్పట్లతో మెచ్చుకోరు, కోర్టు హాల్లో కూర్చున్న నిందితుల బంధువులకు కూడా ఏం జరిగిందో తెలియదు. కన్నబిరాన్ గారి కోర్టు కీర్తికి పునాది ఇక్కడ ఉంది. ఉపన్యాసంలో ఆయన మాటకు వచ్చిన బరువు కూడా ఇక్కడినుంచి వచ్చిందేనని నేను గట్టిగా నమ్ముతాను. పోలీసు రికార్డు ఎలా తయారవుతుందో ఏళ్ల తరబడి పేజీ పేజీ చదివిన మనిషి రాజ్యం గురించి మాట్లాడితే అది సిద్ధాంతంగా మిగిలిపోదు.

సికిందరాబాదు కుట్ర కేసును తీసుకోండి. 1974లో మొదలైన ఆ కేసులో విప్లవ పార్టీ నాయకులతో పాటు వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్ వంటి రచయితలనూ నిందితులుగా చేర్చారు. కవితలు రాయడమూ సభల్లో మాట్లాడడమూ కుట్రలో భాగమన్నది ప్రాసిక్యూషన్ వాదన. అంటే కవిత కోర్టులో ఎగ్జిబిట్, సాక్ష్యంగా దాఖలైన పత్రం, అయింది. అటువంటి చోట వకీలుకు రెండు రకాల ప్రలోభాలు ఉంటాయి. ఒకటి, భావప్రకటన స్వేచ్ఛ మీద గొప్ప ఉపన్యాసం ఇవ్వడం. రెండోది, నా క్లయింటు మామూలు కవి, రాజకీయాలతో ఇతడికి సంబంధం లేదని చెప్పి అతణ్ణి బయటపడేయడం. మొదటిది పత్రికలో వార్త అవుతుంది గాని రికార్డులో నిలవదు. రెండోది నిందితుడి పరువు తీస్తుంది. కవి తాను నమ్మినదాన్ని రాశాడని ఒప్పుకుంటూనే, ఆ నమ్మకానికీ ప్రాసిక్యూషన్ చెబుతున్న కుట్రకూ మధ్య ఉండవలసిన సాక్ష్యపు లంకె లేదని చూపించడమే కష్టమైన దారి, సరైన దారి. చివరికి 1989లో ఆ కేసు నిందితులు నిర్దోషులన్న తీర్పుతో ముగిసింది.

కానీ 1974 నుంచి 1989 దాకా అంటే పదిహేనేళ్లు. చెరబండరాజు 1982లోనే చనిపోయారు. ఆ తీర్పును ఆయన చూడలేదు. అందుకే ఈ కేసును కన్నబిరాన్ గారి ‘విజయాల’ జాబితాలో వేసి చప్పట్లు కొట్టేవారితో నేను ఏకీభవించలేను. ఆయనను గెలిచిన కేసులతో కొలవడం మొదలుపెడితే, కేసు పెట్టిన అవతలివాళ్లు ఏమి సాధించారో కనిపించకుండా పోతుంది. పదిహేనేళ్లపాటు వాయిదాలకు తిప్పడమే శిక్ష అయినప్పుడు, తీర్పులో ‘నిర్దోషి’ అన్న మాట రావడం ఆ శిక్షను వెనక్కి తీసుకోలేదు. వకీలు చేయగలిగింది ఆ శిక్షకు చట్టపు ముద్ర పడకుండా ఆపడం. ఆయన ఆ పని చేశారు, అంతవరకు చెప్పడమే న్యాయం.

ఓటమి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆదిలాబాదు జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతులకు హత్య కేసులో ఉరిశిక్ష పడింది. వారిని కాపాడడానికి కన్నబిరాన్ గారు చేసిన ప్రయత్నం తెలుగునాట ప్రాక్టీసు చేసే ప్రతి క్రిమినల్ వకీలూ తెలుసుకోవలసినది. 1975 మే నెలలో ఉరి తీయడానికి అంతా సిద్ధమైన దశలో, ఇంకా కొన్ని గంటలే ఉండగా, కోర్టు ఉత్తర్వుతో అది ఆగింది. ఆ తరువాత అత్యవసర పరిస్థితి వచ్చింది. హైకోర్టు, సుప్రీంకోర్టు, రాష్ట్రపతి, మళ్లీ కోర్టు అంటూ తట్టగలిగిన తలుపులన్నీ తట్టినా 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో వారిని ఉరితీశారు. వకీలు గొప్పతనాన్ని ఫలితంతో కొలిచేవారు ఈ కేసు దగ్గర మౌనంగా ఉండిపోతారు. నా దృష్టిలో మాత్రం ఆయన వృత్తి జీవితంలో ఇది కీలకమైన ఘట్టం. శిక్ష ఖరారై, అప్పీళ్లు అయిపోయి, ఇక ఏమీ లేదని అందరూ ఫైలు మూసేసిన తరువాత కూడా చట్టంలో అడగవలసిన ప్రశ్న ఇంకొకటి మిగిలి ఉందేమోనని వెతకడం వకీలు పనిలో భాగమని ఆయన చేసి చూపించారు. ఆ వెతుకులాట ఆ ఇద్దరికీ మరికొన్ని నెలల ప్రాణాన్ని ఇచ్చింది. ఉరికంబం కేసుల్లో నెలలు తక్కువ విషయం కాదు.

ఆయన కోర్టు జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం అసలు కోర్టులో జరిగినది కాదు, ఒక విచారణ కమిషన్ ముందు జరిగినది. అత్యవసర పరిస్థితి ప్రకటించిన సరిగ్గా నెల రోజులకు, 1975 జూలై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, వనపర్తి సుధాకర్, కొలిశెట్టి ఆనందరావు అనే నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన కమిటీలో కన్నబిరాన్ గారు పనిచేశారు. ఆ కమిటీ ఊళ్లకు వెళ్లి సాక్షులను కలిసి, ఆ నలుగురినీ ముందే పట్టుకొని, అడవికి తీసుకువెళ్లి, చెట్లకు కట్టి కాల్చిచంపారని తేల్చింది. ఆ నివేదికల ఒత్తిడితో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్‌ను నియమించింది. అక్కడ తార్కుండే కమిటీ తరఫున కన్నబిరాన్ గారు నిలబడ్డారు.

అప్పటిదాకా ఆయన నిందితుల పక్కన నిలబడి పోలీసు కథనాన్ని విడదీసిన మనిషి. ఇక్కడ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసిన స్థితిలో ఉన్నది పోలీసులు. ఎన్‌కౌంటర్ అనే మాటలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, చనిపోయినవాళ్ల మీదే హత్యాయత్నం కేసు నమోదవుతుంది, నిందితులు చనిపోయారు కాబట్టి కేసు మూసేస్తారు, కాల్చినవారిని ప్రశ్నించే సందర్భమే రాదు. ఎన్ని తూటాలు పేలాయి, ఎంత దూరంనుంచి, గాయాలు శరీరానికి ఏ వైపున ఉన్నాయి, పోలీసుల్లో ఒక్కరికీ గీత ఎందుకు పడలేదు, ఆ చీకట్లో ఎవరు ఎవరిని ఎలా గుర్తించారు వంటి సాదా ప్రశ్నలు, ఏ సెషన్స్ కోర్టులోనైనా ఏ హత్య కేసులోనైనా అడిగే ప్రశ్నలు, ఎన్‌కౌంటర్ విషయంలో ఎక్కడా అడగడానికి వీలుండదు. భార్గవ కమిషన్ ముందు ఆ అవకాశం వచ్చింది. వచ్చిన కొద్దికాలానికే ప్రభుత్వం విచారణను బహిరంగంగా కాక రహస్యంగా జరపాలని కోరుకుంది. దానికి నిరసనగా తార్కుండే కమిటీ విచారణ నుంచి తప్పుకొంది.

ఆ తప్పుకోవడం సరైనదేనా అన్న చర్చ మా వృత్తిలో ఉంటుంది. తలుపులు మూసినా సరే క్రాస్ ఎగ్జామినేషన్ పూర్తిచేసి ఉంటే కనీసం రికార్డు మిగిలేది కదా అనేవారున్నారు. ట్రయల్ వకీలుగా ఆ వాదన బలం నాకు తెలుసు. సగంలో ఆపేసిన క్రాస్ ఎగ్జామినేషన్ కంటే బాధాకరమైనది మాకు మరొకటి లేదు. అయినా ఆయన నిర్ణయమే సరైనదని నేను అంటాను. సాక్షిని ప్రశ్నించడంలోని విలువ సగం జవాబులో ఉంటే, మిగతా సగం ఆ జవాబును జనం వినడంలో ఉంది. గిరాయిపల్లి చుట్టుపక్కల ఊళ్లలో సాక్ష్యం చెప్పడానికి ధైర్యం తెచ్చుకున్న రైతులు, తాము చెప్పినదాన్ని పోలీసు అధికారి నలుగురి ముందు ఎలా ఎదుర్కొంటాడో చూడాలనుకున్నారు. అది లేని విచారణకు ఆయన పేరు తగిలిస్తే, రేపు ప్రభుత్వం వెలువరించే ఏ నివేదికకైనా ఆయన ఆమోదం ఉన్నట్లు అయ్యేది. ఎప్పుడు ప్రశ్నించాలో తెలిసినంతగా, ఎప్పుడు లేచి వచ్చేయాలో కూడా ఆయనకు తెలుసు.

ఆయన నక్సలైట్ల వకీలు కదా అనే మాట ఇప్పటికీ వింటూ ఉంటాం. తాను తటస్థుణ్ణని ఆయన నటించలేదు, ఆయన సానుభూతి ఎవరి పక్షాన ఉందో దాచుకోలేదు. కానీ కోర్టులో ఆయన సానుభూతి సాక్ష్యం కాదు, సాక్షి చెప్పినది సాక్ష్యం. నిందితుడి దోషం గురించి తన సొంత అభిప్రాయం ఎలా ఉన్నా అతడి తరఫున వాదించాలని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. అది మాకు ఇచ్చిన సౌలభ్యం కాదు, మా మీద పెట్టిన బాధ్యత. ఆ బాధ్యతను ఆంధ్రప్రదేశ్‌లో నెరవేర్చడానికి ఎంత ఖర్చయిందో మరచిపోకూడదు. పౌరహక్కుల సంఘంలో పనిచేసిన వకీళ్లలో గోపి రాజన్న 1985లో హత్యకు గురయ్యారు, వరంగల్‌లో నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబర్‌లో ఇంట్లోనే కాల్చిచంపారు. ప్రభాకర్ రెడ్డి రోజూ మామూలు బెయిలు పిటిషన్లు, ట్రయల్స్ నడిపే వకీలు. తన సహచరులు ఇలా పోతూ ఉండగా ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉంటూ, మర్నాడు ఉదయం నల్లకోటు వేసుకొని అదే కోర్టు మెట్లెక్కి అదే కేసులు వాదించడాన్ని రాజకీయ పక్షపాతం అనే ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు సహించదు.

ఈ సంగతులు ఇప్పుడు ఎందుకంటే, 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పౌరహక్కుల సంఘం వేసిన కేసులోనే ఒక తీర్పు చెప్పింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కాల్చినవారి మీద కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న సంగతిని వాళ్లు విచారణలో నిలబెట్టుకోవాలి అన్నది దాని సారం. సుప్రీంకోర్టు దాని అమలును ఆపింది. కాని ఆ తీర్పు సూత్రాన్ని కొంచెం తిరగేసి చూడండి. ఆ ప్రశ్న చివరికి ఎక్కడ తేలాలని ఆ న్యాయమూర్తులు అన్నారు? సెషన్స్ కోర్టులో, సాక్షి బోనులో. రేపు ఏ కోర్టో ఆ సూత్రాన్ని అమలుచేసి, నిజంగానే ఒక పోలీసు అధికారిని బోనెక్కించిన రోజున, అతణ్ణి ఏమి అడగాలో, ఏ వరుసలో అడగాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన వకీళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? హైకోర్టులో రిట్ పిటిషన్ అద్భుతంగా రాయగల యువకులు చాలామంది నాకు తెలుసు. మానవ హక్కుల పేరుతో వృత్తిలోకి వస్తున్నవారిలో కింది కోర్టులో ఒక పూర్తి హత్య కేసు నడిపినవారు బాగా తక్కువగా కనిపిస్తున్నారు. ఇది వారి తప్పు కాదు. వారికి మనం చూపించిన కన్నబిరాన్ వేదిక మీది కన్నబిరాన్.

కోర్టు రికార్డులు నిర్ణీత గడువు దాటాక నియమాల ప్రకారం ధ్వంసం చేస్తారు. 1970ల నాటి కుట్ర కేసుల డిపోజిషన్లు ఈపాటికి కోర్టుల్లో దొరుకుతాయని నేను ఆశించడం లేదు. అయితే ఆ రోజుల్లో పార్వతీపురం, సికిందరాబాదు కేసుల్లో జూనియర్లుగా పనిచేసినవారి ఇళ్లలో, నిందితుల కుటుంబాల దగ్గర, పాత ఆఫీసుల అటకల మీద సర్టిఫైడ్ కాపీలు ఇంకా ఉండే వీలుంది. భార్గవ కమిషన్ ముందు బహిరంగంగా జరిగినంతవరకు రాసుకున్న ప్రశ్నలూ జవాబులూ ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే అది మా వృత్తికి పాఠ్యపుస్తకం. వర్ధంతి సభకు పెట్టే ఖర్చులో కొంతైనా ఈ కాగితాలను వెతికి, స్కాన్ చేసి, జిల్లా బార్ అసోసియేషన్ లైబ్రరీల్లో పెట్టడానికి వెచ్చించమని పౌరహక్కుల మిత్రులను అడుగుతున్నాను. ఆ కేసుల్లో పనిచేసినవారిలో ఇప్పుడు బతికి ఉన్నవారికి డెబ్బై దాటాయి. వారిని కలిసి, ఒక్కో సాక్షి గురించి వారికి గుర్తున్నది రికార్డు చేయడం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. వరంగల్, కరీంనగర్, విశాఖపట్నం ప్రాంతాల్లో అటువంటి కాగితాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయని తెలిసినవారు నాకు చెబితే, వెళ్లి కాపీలు తీయించే బాధ్యత నేను తీసుకుంటాను.